ముందు నడిచే పట్టీలు

వాసంతి కాళ్ళకు పట్టీలు లేకపోతే ఎవ్‌దోకియా గడప దాటేది కాదు. ఈ సంగతి ఆ దీవిలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ వాళ్ళిద్దరే.

కెనడాలోని హ్యూరాన్ సరస్సులో ఉన్న హెరన్ ఐలాండ్ ఏమంత పెద్దది కాదు. కారులో చుట్టి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. వేసవిలో ఫెర్రీ రోజుకు రెండుసార్లు వస్తుంది. పడమటి ఒడ్డున సున్నపురాతి బండల మీద తెల్లటి గోడలు, నీలం తలుపులు ఉన్న ఇల్లొకటి దూరం నుంచే కనబడుతుంది. అదే కాలిమ్నోస్ గెస్ట్‌హౌస్. గదులు మూడే. కాలిమ్నోస్ అనేది గ్రీసు దేశపు దీవుల్లో ఒకటి, ఎవ్‌దోకియా పుట్టిన చోటు. ఆమె భర్త స్టమాటిస్ అక్కడ సముద్రం అడుగుకు దిగి స్పాంజీలు కోసుకొచ్చేవాడు. తన ఈడువాళ్ళు ఒక్కొక్కరే ఆ పనిలో కాళ్ళు చచ్చుబడి మంచాన పడుతుంటే చూసి, ముప్పై ఏళ్ళ వయసులో పెళ్ళాన్ని వెంటబెట్టుకుని హామిల్టన్ వచ్చి ఉక్కు కార్ఖానాలో చేరాడు. రిటైరయ్యాక ఈ ఇల్లు కొన్నాడు. ఇక్కడి నీళ్ళ రంగు అచ్చం మన నీళ్ళ రంగే అన్నాడట. నాలుగేళ్ళు ఆ నీళ్ళను చూసుకుని పోయాడు. అతను తలకు తగిలించుకుని సముద్రంలోకి దిగిన ఇత్తడి టోపీ ఇప్పటికీ హాల్లో బల్ల మీద ఉంది. గెస్టులు దానితో ఫొటోలు దిగుతారు.

కొడుకు నిక్ హామిల్టన్‌లోనే ఉంటాడు. చెడ్డవాడు కాదు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. తండ్రి పోయిన రోజున తల్లితో ఒక మాట మాత్రం ఖచ్చితంగా చెప్పాడు. ఒంట్లో ఏం తగ్గినా చూసుకుందాం, చూపు తగ్గిందని తెలిస్తే మాత్రం ఆ బండల మధ్య ఒక్క రోజు కూడా ఉంచను, హామిల్టన్‌లో వృద్ధుల హోమ్‌లో చేర్పిస్తాను అని. ఆ హోమ్ సంగతి ఎవ్‌దోకియాకు తెలుసు. ఆమె స్నేహితురాలు కాటీనా అందులో అయిదేళ్ళు గోడవైపు తిరిగి పడుకుని చనిపోయింది. ఎవ్‌దోకియాకు చావంటే భయం లేదు. ఆ గోడంటే భయం.

వాసంతిది కనిగిరి. ఇంటర్ తరవాత మూడేళ్ళు ఇంట్లో కూర్చుని, మేనమామ పట్టుబట్టి అప్లై చేయిస్తే సార్నియాలో హోటల్ మేనేజ్‌మెంట్ చదవడానికి వచ్చింది. పాఠాలు కష్టమనిపించలేదు. పరీక్ష రాయమంటే రాసేది. కానీ ఆ చదువులో ప్రతి సబ్జెక్టుకూ క్లాసు ముందు నిలబడి మాట్లాడాలి. మొదటిసారి నిలబడినప్పుడు గొంతు పెగల్లేదు. రెండోసారి ఎనిమిది నిమిషాలు నిలబడి, ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళి కూర్చుంది. మూడోసారి ఆ రోజు క్లాసుకే పోలేదు. ఆ తరవాత ఎప్పుడూ పోలేదు. స్టడీ పర్మిట్ మీద ఇంకా గడువు ఉంది కానీ చదువు మానేశాక అది ఉత్త కాగితమే. రూమ్‌మేట్లు అడిగే ప్రశ్నలకు తట్టుకోలేక, గ్రోసరీ షాపు బోర్డు మీద చేత్తో రాసి అంటించిన ప్రకటన చూసి ఈ దీవికి వచ్చేసింది. గదులు తుడవడానికి, పక్కలు మార్చడానికి మనిషి కావాలి, ఎక్కువ మాట్లాడనక్కరలేదు అని ఉంది అందులో. ఆ చివరి మాట కోసమే వచ్చింది.

వచ్చిన నెలకే ఆమెకు విషయం అర్థమైంది. మాట్లాడని మనిషికి చూడటమే పని. ఎవ్‌దోకియా కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసుకుని, ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా మిగతాది కూడా తాగేసింది. చెంచా కోసం బల్ల మీద అరచేయి ఆనించి మెల్లగా జరిపేది. మెట్లు దిగుతూ పెదవులు కదిలిస్తుంటే ప్రార్థన అనుకుంది వాసంతి. చెవి పెట్టి వింటే అంకెలు. ఆ రోజు నుంచి వాసంతి ఏ వస్తువునూ జానెడు దూరం జరగనివ్వలేదు. ఉప్పు డబ్బాకు రబ్బరు బ్యాండు చుట్టింది. ఇద్దరి మధ్యా ఆ మాట రాలేదు.

రెండు వారాల తరవాత ముసలామె తనంతట తనే కదిపింది. “నీ కాళ్ళకు ఏదో ఉంది. చప్పుడవుతుంది.”

సార్నియాలో ఎవరికీ కనబడకుండా సాక్సుల కింద దాచుకున్న పట్టీలు అవి. తీసేస్తాను అంది వాసంతి.

“తియ్యకు. సాక్సు తీసెయ్. మా దీవిలో గొర్రెల మందకు ముందు గంట కట్టిన గొర్రె నడిచేది. దాని వెనక ఎంత ముసలి గొర్రె అయినా కొండ దిగేది.” కాస్త ఆగి నవ్వింది. “ఇక ముసలి గొర్రెను నేను.”

అప్పటి నుంచి వాళ్ళ పద్ధతి అది. పొద్దున పది గంటలకు ఎవ్‌దోకియా గెస్టులను దీవి చూపించడానికి తీసుకుపోయేది. ఇరవై ఏళ్ళుగా తీసుకుపోతోంది. స్టమాటిస్ కట్టిన చిన్న గుడి, అక్కడి నుంచి బండల దారిన లైట్‌హౌస్, తిరుగుదారిలో నీళ్ళు ఆకుపచ్చగా మెరిసే మలుపు. నీళ్ళ సీసాల బుట్ట పట్టుకుని వాసంతి నాలుగు అడుగులు ముందు నడిచేది. మెట్టు ఎక్కాలంటే కాలు ఒకసారి నేలకు కొట్టేది. దిగాలంటే రెండుసార్లు. వెనక ఎవ్‌దోకియా తల పైకెత్తి, చేతికర్ర తిప్పుతూ, అదిగో ఆ వంగిన చెట్టు చూశారా, అదిగో ఆ కొంగ గూడు చూశారా అని కబుర్లు చెబుతూ వచ్చేది. గెస్టులు కర్ర చూపించిన వైపు చూసేవారు. ముసలామె కళ్ళను గానీ, ముందు పోయే పనిమనిషిని గానీ ఎవరు చూస్తారు?

కిందటి చలికాలం ఆ వంగిన చెట్టు గాలికి కూలి, గుడి దాటాక దారికి అడ్డంగా పడింది. దాన్ని ఎవరూ తీయలేదు. అందుకని వాసంతి ఎడమవైపు కొంత దిగి, చెట్టును చుట్టి, మళ్ళీ దారికెక్కించడం మొదలుపెట్టింది. ఎవ్‌దోకియాకు అది నచ్చలేదు. ఇన్నేళ్ళూ లెక్కపెట్టుకున్న అడుగులు తప్పిపోయాయని రెండు రోజులు గొణిగింది. తరవాత ఇక లెక్క మానేశాను, నీ కాళ్ళే నాకు దారి అంది. వాసంతికి ఆ మాటకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

జూలైలో మార్కమ్ నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. కోదండరామ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. భార్య చాందిని, అయిదేళ్ళ కూతురు స్వీటీ, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు లక్ష్మీకాంతం. నిజానికి వాళ్ళు గ్రీసు పోవాలనుకున్నారట. లక్ష్మీకాంతం గారికి ఆ వీసా రాలేదు. ఇంటర్నెట్‌లో ఈ తెల్ల గోడలు చూసి, పోనీ ఇక్కడే గ్రీసు చూపిద్దామని బయలుదేరారు. ఫెర్రీ దిగి వాళ్ళు మెట్లెక్కుతున్నప్పుడు వాసంతి వంటగదిలో గిన్నెలు తుడుస్తోంది. మెట్ల మీద గలగలమని చప్పుడైంది. చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

హాల్లోంచి ఎవ్‌దోకియా కేక వేసింది. “పిల్లా, ఎందుకలా పరిగెడుతున్నావు?”

వాసంతి వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “నేను కాదు యాయా. ఇక్కడున్నాను.” గ్రీకు పిల్లలు అమ్మమ్మను పిలిచే పిలుపు అది. రెండో ఏడు నుంచి అలాగే పిలుస్తోంది.

ముసలామె తల మెట్ల వైపు తిప్పింది. వచ్చిన పిల్లకు కూడా పట్టీలున్నాయని వాసంతి చెప్పాక, తేలిగ్గా చేయి విసిరింది. నీ నడక నాకు తెలియదా, ఆ పిల్లది చినుకులు పడ్డట్టుంది, నీది రొట్టె పిండి కొట్టినట్టుంటుంది అంది. అంతకుమించి మాట్లాడనివ్వలేదు. చూపు గురించి మాట వస్తే ఆమె ఎప్పుడూ అంతే.

సాయంత్రం వాసంతి పైకి వెళ్ళింది. పాపకు రేపొక్క పూట పట్టీలు తీసి ఉంచండి అని అడగాలి. ఎందుకంటే ఏం చెప్పాలో మెట్టు మెట్టుకూ అనుకుంటూ వెళ్ళింది. నిజం చెబితే నలుగురికి తెలుస్తుంది, నలుగురికి తెలిస్తే నిక్‌కు తెలియడానికి ఎంతసేపు? అబద్ధం చెబితే ఏమని? పైగా తెలుగులో నోరు విప్పితే మళ్ళీ ఏ కాలేజీ, ఏ కోర్సు, ఇక్కడెందుకున్నావు. తలుపు ఓరగా తెరిచి ఉంది. లక్ష్మీకాంతం గారు మనవరాలి తలకు నూనె రాస్తూ, ఈ పట్టీలు మీ ముత్తవ్వ మొలతాడు కరిగించి చేయించానే, ఎప్పుడూ తియ్యకేం, ఆడపిల్ల కాళ్ళు బోసిగా ఉండకూడదు అని చెబుతోంది. వై నాట్ అంటోంది పిల్ల.

వాసంతి తలుపు మీద వేలితో కొట్టింది. లక్ష్మీకాంతం గారు తల తిప్పి చూసింది. “యెస్? వాట్?”

“టవల్స్?” అంది వాసంతి ఇంగ్లీషులో. “మోర్ టవల్స్?”

రెండు టవళ్ళు ఇచ్చి దిగి వచ్చేసింది.

పొద్దున ఎండ బాగా కాసింది. సరస్సు మీద గాలి లేదు. వాసంతి ఆ రోజు నాలుగు అడుగులు కాదు, రెండే అడుగుల ముందు నడవాలని, కాలు గట్టిగా వేయాలని నిర్ణయించుకుంది. అలాగే నడిచింది. స్వీటీ అటూ ఇటూ పరిగెత్తింది కానీ గుడి దాకా ఏ ఇబ్బందీ రాలేదు. గుడిలో కొవ్వొత్తులు వెలిగించారు. చాందిని లోపలే ఉండి మేరీమాత పటానికి ఫొటోలు తీస్తోంది. మిగతావాళ్ళు బయటికి వస్తుండగా లక్ష్మీకాంతం గారి చూపు వాసంతి కాళ్ళ మీద పడింది.

“ఆగమ్మాయ్.” తెలుగులోనే అంది. వచ్చి మణికట్టు పట్టుకుంది. “ఇవి మన వైపు పట్టీలు కదూ? తెలుగుదానివేనా నువ్వు? నిన్నటి నుంచీ నోట్లోంచి ముత్యాలు రాలతాయన్నట్టు ఉన్నావే! ఏ ఊరు మీది?”

“కనిగిరి అండీ.”

“కనిగిరా! మా వియ్యపురాలి పుట్టిల్లు దర్శి. ఎవరమ్మాయివి? మీ నాన్నగారేం చేస్తారు?”

అమ్మ వయసు దాటిన మనిషి చేయి పట్టుకుని ఊరూ పేరూ అడుగుతుంటే, విదిలించుకుని పోవడం వాసంతికి తెలియదు. చిన్నప్పటి నుంచీ ఆమెకు తెలియని పనుల్లో అదొకటి. ఒక్క నిమిషం అనుకుంది. నాన్న పేరు చెప్పింది. మెడ తిప్పి చూస్తే ఎవ్‌దోకియా గుడి అరుగు దగ్గరే నిలబడి కోదండరామ్‌కు ఇత్తడి టోపీ కథ చెబుతోంది. సరే అనుకుంది. ఏం చదువుకున్నావని అడిగింది పెద్దావిడ. వాసంతి తల దించుకుంది. ఏం చెప్పాలో వెతుక్కుంటున్న ఆ కాస్త సేపట్లోనే స్వీటీకి కింద ఒడ్డున పాత చెక్క రేవు దగ్గర బాతులు కనబడ్డాయి.

పాప ఎడమవైపు దిగింది. కొత్తగా పడిన చుట్టుదారి మొదలయ్యేదీ అటే. ఆ దారి మధ్యలో ఒక పాయ చీలి నేరుగా రేవుకు పోతుంది. గజ్జెల చప్పుడు ఎడమకు పోవడంతో ఎవ్‌దోకియా కథ చెబుతూనే కదిలింది. వెనకాలే ఫోన్‌తో వీడియో తీస్తూ కోదండరామ్ నడిచాడు. “ఇవాళ నీ కాళ్ళకు తొందరెక్కువైంది పిల్లా” అని ఆమె ఇంగ్లీషులో అన్న మాట ఆ వీడియోలో ఉంది. తన కూతురితో అంటోందనుకున్నాడతను. ముసలామె పాప వెనకే ఉంది కదా, పట్టుకుంటుందిలే అని ధైర్యంగా కూడా ఉన్నాడు. తరవాత చాలాసార్లు అదే చెప్పాడు.

రేవు చెక్కలు నీళ్ళలోకి కొంత దూరం పోయి కుడివైపు మలుపు తిరుగుతాయి. స్వీటీ మలుపు తిరిగి బాతుల ముందు చతికిలబడింది. చప్పుడు ఆగిపోయింది. ఆగితే ఆగాలన్నది వాళ్ళ పద్ధతి. ఎవ్‌దోకియాకు ఆగడానికి ఒక అడుగు ఆలస్యమైంది. ఆ అడుగు కింద చెక్క లేదు.

నీళ్ళ చప్పుడు కంటే ముందు వాసంతికి కర్ర రాతికి తగిలిన చప్పుడు వినబడింది. మణికట్టు ఎప్పుడు విడిపించుకుందో ఆమెకు తెలియదు. ఆమె వెళ్ళేసరికి కోదండరామ్ నడుము లోతు నీళ్ళలో ఉన్నాడు. ఇద్దరూ కలిసి బండ మీదికి లాగారు. ఎవ్‌దోకియా ఒక కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. తెల్ల జుట్టులోంచి రక్తం చెవి మీదుగా కారుతోంది. స్పృహలోనే ఉంది. వణుకుతూ, ఏం కాలేదు, చెక్క జారింది అంటోంది.

దీవిలో నర్సు ఒకే ఒక్కరు. పావుగంటలో వచ్చింది. తలకు కట్టు కట్టి, కళ్ళలోకి చిన్న లైటు వేసింది. ఒకసారి వేసి, మళ్ళీ వేసింది. మూడు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగింది.

ఎవ్‌దోకియా తల కొంచెం పక్కకు వంచింది. అది వినే తీరు. తన కాలి చప్పుడు కోసమే వింటోందని వాసంతికి అర్థమైంది. మూడుసార్లు కొడితే చాలు. కాలు పైకి లేచింది కూడా.

అప్పుడే నర్సు అందరి వైపూ చూసి అడిగింది. ఈ చూపు ఇప్పుడు పోయిందా, ముందు నుంచీ లేదా? ఇప్పుడు పోయిందంటే తలలో రక్తం కారుతున్నట్టు, వచ్చే హెలికాప్టర్ తలకు ఆపరేషన్ చేసే పెద్ద ఆసుపత్రికి పోవాలి. ముందు నుంచీ లేకపోతే వేరే సంగతి. ఎవరికైనా తెలుసా?

“కనిపిస్తోంది” అంది ఎవ్‌దోకియా. “బాగా కనిపిస్తోంది.”

వాసంతి కాలు మెల్లగా కిందికి దించింది, చప్పుడు కాకుండా. “ఆమెకు కనపడదు” అంది. క్లాసులో రెండుసార్లు రాని గొంతు అప్పుడొచ్చింది. అందరికీ వినబడేంత గట్టిగా వచ్చింది. “రెండేళ్ళుగా కనపడదు. నాకు తెలుసు.”

ఎవ్‌దోకియా ముఖం ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. హెలికాప్టర్‌లోకి ఎక్కించేటప్పుడు వాసంతి పక్కనే నడిచింది. ఆ రొదలో పట్టీల చప్పుడు వినబడే అవకాశమే లేదు.

సాయంత్రం గెస్ట్‌హౌస్ మెట్ల మీద లక్ష్మీకాంతం గారు వచ్చి వాసంతి పక్కన కూర్చుంది. మనవరాలి పట్టీలు ఆమె గుప్పిట్లో ఉన్నాయి.

“నిన్న నువ్వు వచ్చింది టవళ్ళ కోసం కాదు కదూ?”

కాదన్నట్టు వాసంతి తలూపింది.

“ఒక్క మాట చెబితే తీసేసేదాన్ని కదే తల్లీ.”

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది వాసంతికి.

నిక్ మర్నాడు వచ్చాడు. అరవడానికి సిద్ధపడి వచ్చినవాడే. కానీ వంటగదిలో ఉప్పు డబ్బాకు చుట్టిన రబ్బరు బ్యాండు, మెట్ల అంచులకు వేలితో తడిమితే తగిలేలా కొట్టిన మేకులు చూసి, కుర్చీలో కూర్చుండిపోయాడు. నాకొక ఫోన్ చెయ్యొచ్చు కదా అని మాత్రం అడిగాడు. చేస్తే ఏం జరిగేదో ఇద్దరికీ తెలుసు. చేయనందుకు ఏం జరిగిందో కూడా తెలుసు. వాసంతి పైకి వెళ్ళింది. మూడు గదుల పక్కలూ తీసి, మడత పెట్టి, బీరువాలో సర్దింది. నీలం తలుపులకు అతను తాళం వేశాడు. ఫెర్రీలో పై అంతస్తు బెంచీ మీద కూర్చుని వాసంతి పట్టీలు తీసి, చేతిరుమాల్లో చుట్టి, సంచీ అడుగున పెట్టుకుంది. లేచి నడిస్తే కాళ్ళు తనవి కానట్టున్నాయి.

అక్టోబరులో, సార్నియా నుంచి బస్సులు మారి హామిల్టన్ వెళ్ళింది. హోమ్ రెండో అంతస్తులో గది. శుభ్రంగా ఉంది. వేడి సమంగా ఉంది. నేలంతా ఒకే రకం రబ్బరు షీటు, గుమ్మానికి గడప కూడా లేదు. ఎవ్‌దోకియా చక్రాల కుర్చీలో కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. తుంటి అతుక్కుంది కానీ కాలు నిలవడం లేదని కింద నర్సు చెప్పింది. నడిపిద్దామంటే వద్దంటుందట.

వాసంతి లోపలికి వెళ్ళి నిలబడింది. ముసలామె కదలలేదు. గదిలో మనిషి ఉన్నట్టే ఆమెకు తెలియలేదు. వాసంతి నోరు తెరిచింది. ఆ రోజు బండ మీద వచ్చిన గొంతు మళ్ళీ రాలేదు. చివరికి కాలు ఎత్తి నేలకు ఒకసారి కొట్టింది.

ఎవ్‌దోకియా తల లేచింది. దుప్పటి కింద ఒక పాదం కొద్దిగా పైకి కదిలింది.

“మెట్టా?”

“లేదు యాయా. ఇక్కడ మెట్లు లేవు. అంతా చదునే.”

పాదం దిగిపోయింది. కాసేపటికి అడిగింది.

“పట్టీలేవి?”

“తీసేశాను.”

ఎవ్‌దోకియా తలూపింది. “మంచిదే. ఇక్కడ నడిచి పోయేదెక్కడికి” అంది. చక్రాల మీద చేతులు వేసి, కుర్చీని కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ, గోడవైపు తిరిగింది.

వాసంతి మంచం అంచున కూర్చుంది. చూడటానికి వచ్చినవాళ్ళు వెళ్ళాలని గంట కొట్టేదాకా కూర్చునే ఉంది.